"ఐతే ఏంటి?" అని అడిగితే ఆగిపోతున్నాను అక్కా, ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూకి ఎకనామిక్స్ ఎలా చదవాలి?

ప్రశ్న: అక్కా, నేను ఎంబీఏ ఫస్ట్ ఇయర్. ఇంజనీరింగ్ నుంచి వచ్చాను, ఎకనామిక్స్ ఇంతకుముందు ఎప్పుడూ చదవలేదు. సమ్మర్ ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూలు ఇంకో మూడు వారాల్లో ఉన్నాయి. మొన్న సీనియర్లు మాక్ ఇంటర్వ్యూ పెట్టారు. వడ్డీ రేట్లు పెరిగితే ఒక కంపెనీకి ఏమవుతుంది అని అడిగితే మానిటరీ పాలసీ డెఫినిషన్ మొత్తం అప్పజెప్పాను. అడిగిన సీనియర్ "సరే, ఐతే ఏంటి?" అన్నారు. ఇక నోట మాట రాలేదు. ఇప్పుడు టెక్స్ట్‌బుక్ మొదట్నించి చదవాలా, ఇంపార్టెంట్ ప్రశ్నలు బట్టీ కొట్టాలా? ఇంకోటి, ఒక చిన్న కంపెనీ నుంచి ఇంటర్న్‌షిప్ ఆఫర్ చేతిలో ఉంది, ధరల డేటా మీద పని అన్నారు, వారంలో చెప్పమంటున్నారు. పేరున్న కంపెనీ కోసం ఆగమని ఫ్రెండ్స్ అంటున్నారు. ఏం చెయ్యాలో తోచట్లేదు.

జవాబు:

తమ్ముడూ, ఆ సీనియర్ నీకు మంచి చేశాడు. "ఐతే ఏంటి?" అనేదే అసలు ఇంటర్వ్యూ, దానికి ముందు అడిగేదంతా నిన్ను కుర్చీలో సర్దుకోనివ్వడానికే. నేను కొన్నేళ్లు ఇంటర్న్‌లని సెలెక్ట్ చేసే ప్యానెల్‌లో కూర్చున్నాను, డెఫినిషన్ తప్పు చెప్పి పోయినవాళ్లు నాకు పెద్దగా గుర్తులేరు, డెఫినిషన్ కరెక్ట్‌గా చెప్పి ఆ తర్వాత ఒక్క అడుగు కూడా ముందుకి వెయ్యలేక ఆగిపోయినవాళ్లు మాత్రం చాలామంది గుర్తున్నారు, వాళ్లందరూ బాగా చదివిన పిల్లలే, అందుకే చూస్తే బాధేసేది. ఇంటర్న్‌గా వచ్చిన మనిషికి రెండు నెలల్లో ఒక పని అప్పజెప్పాలి కదా, ఒక విషయం మారితే ఎవరు ఏం చేస్తారు, దానివల్ల ఇంకెవరు ఏం చేస్తారు అని నడిపించగలడా లేదా అనేదే అవతలివాళ్లు చూసేది.

కాబట్టి మూడు వారాల్లో ఏడెనిమిది వందల పేజీల పుస్తకం మొదట్నించి మొదలుపెట్టకు, సగంలో ఆగిపోయి గిల్టీగా ఇంటర్వ్యూకి వెళ్తావు. ప్రశ్నలు బట్టీ కొట్టడం ఇంకా వద్దు. ఒక ఏడెనిమిది కాన్సెప్టులు తీసుకుని ఒక్కోదాన్నీ నోటితో చివరిదాకా నడిపించడం ప్రాక్టీస్ చెయ్యి. ఎలాగో నువ్వు ఆగిపోయిన ప్రశ్నతోనే చూపిస్తాను.

వడ్డీ రేట్లు పెరిగాయి. ముందు ఆ కంపెనీకి అప్పు ఎంతుందో, అది ఎలాంటి అప్పో అడుగు. ఫ్లోటింగ్ రేటు (మార్కెట్ రేటుతో పాటు మారే) అప్పైతే వడ్డీ ఖర్చు వెంటనే పెరుగుతుంది, ఫిక్స్‌డ్ రేటుకి ఐదేళ్లకి తీసుకుని ఉంటే ఆ ఐదేళ్లూ పెద్దగా తేడా రాదు, మళ్లీ అప్పు తీసుకునేటప్పుడు తగులుతుంది. చేతిలో క్యాష్ బాగా ఉండి అప్పు లేని కంపెనీకి డిపాజిట్ల మీద వడ్డీ ఎక్కువొచ్చి లాభం కూడా కావచ్చు, ఈ మాట చెప్పేవాళ్లు చాలా తక్కువ, చెప్తే ప్యానెల్ తలెత్తి చూస్తుంది. తర్వాత కస్టమర్లు. ఇళ్లు, కార్లు అప్పు మీద కొంటారు కాబట్టి ఆ అమ్మకాలు ముందు తగ్గుతాయి, సబ్బులూ మందులూ అంతగా తగ్గవు. అందుకని "ఒక కంపెనీకి" అని అడిగితే ఏ రకం కంపెనీ అని తిరిగి అడగడం తప్పు కాదు, అడిగితేనే మంచిది. ఆ తర్వాత కొత్త ప్రాజెక్టులు: 8 శాతం రాబడి ఇచ్చే ఫ్యాక్టరీని 5 శాతం అప్పుతో కడతారు, అప్పు 9 శాతానికి వెళ్తే ఆ ఫైల్ పక్కన పెడతారు. కరెన్సీ కూడా ఉంది, మిగతావి మారకుండా మన దగ్గర వడ్డీ పెరిగితే బయట డబ్బు లోపలికి వచ్చి కరెన్సీ బలపడే వీలుంటుంది, ఎగుమతి చేసేవాళ్లకి అది ఇబ్బంది, దిగుమతి చేసుకునేవాళ్లకి సుఖం.

ఫైనాన్స్ రోల్ ఐతే ఇక్కడ ఆపరు, షేర్ విలువ సంగతి ఏంటి అంటారు. దీనికి ఒక చిన్న లెక్క చేతిలో పెట్టుకో. పదేళ్ల తర్వాత వచ్చే 100 విలువ ఈరోజు 5 శాతం రేటుతో దాదాపు 61 (అంటే ఇవాళ 61 పెడితే పదేళ్లకి 100 అవుతుంది), 10 శాతం రేటుతో దాదాపు 39. అదే ఏడాది తర్వాత వచ్చే 100 ఐతే 95 నుంచి 91కి మాత్రమే పడుతుంది. అంటే లాభాలు ఎంత దూరంలో ఉంటే దెబ్బ అంత గట్టిది, ఇప్పుడు లాభాల్లేకుండా పదేళ్ల తర్వాత వస్తాయని నమ్మించే కంపెనీల షేర్లు వడ్డీ పెరిగినప్పుడు ఎక్కువ పడడానికి ఒక పెద్ద కారణం ఇదే. బాండ్లకీ, అంటే వడ్డీకి ఇచ్చిన అప్పు పత్రాలకీ, ఇదే లెక్క. దీనికి ఉదాహరణ ఎక్కడో వెతకక్కర్లేదు, అమెరికా సెంట్రల్ బ్యాంక్ ఫెడరల్ రిజర్వ్ (ఫెడ్) 2022 మార్చిలో సున్నా దగ్గరున్న రేటుని 2023 జులై కల్లా 5.25 నుంచి 5.5 శాతం మధ్యకి తీసుకెళ్లింది, ఆ మధ్యలో సిలికాన్ వ్యాలీ బ్యాంక్ దగ్గరున్న దీర్ఘకాలిక బాండ్ల విలువ బాగా పడిపోయింది, డిపాజిటర్లు భయపడి 2023 మార్చి 9న ఒక్కరోజే 42 బిలియన్ డాలర్లు వెనక్కి తీసుకున్నారు, మర్నాడు బ్యాంక్ మూతపడింది. ఆ బాండ్లు ఎక్కువగా ప్రభుత్వ హామీ ఉన్నవే, అసలు మునిగిపోయే రకం కావు, ఐనా రేటు పెరిగితే పాత బాండ్ విలువ పడుతుంది. ఈ ఒక్క ఉదాహరణ నీకు బాగా అర్థమైతే నాలుగైదు ప్రశ్నలకి పనికొస్తుంది.

చూశావా, ఇందులో డెఫినిషన్ ఒక్కటీ లేదు.

ఇక డిమాండ్, సప్లై. ఇది అందరూ వచ్చేసింది అనుకుని వదిలేస్తారు, ఎక్కువమంది పడిపోయేది కూడా ఇక్కడే. ప్యానెల్ వాళ్లకి ఇష్టమైన ప్రశ్న: "మా ప్రొడక్ట్ ధర పెంచాం, అమ్మకాలు కూడా పెరిగాయి, ధర పెరిగితే అమ్మకాలు తగ్గుతాయనే డిమాండ్ సూత్రం తప్పా?" చాలామంది గిఫెన్ గూడ్స్ (ధర పెరిగితే ఇంకా ఎక్కువ కొనే అరుదైన సరుకులు), లగ్జరీ బ్రాండ్ అంటూ ఎక్కడికో వెళ్లిపోతారు. అంతదూరం వెళ్లేముందు, ధర ఒక్కటే మారిందా అని అడుగు. జనం ఆదాయం పెరిగి ఉండొచ్చు, పోటీ కంపెనీ ఇంకా ఎక్కువ పెంచి ఉండొచ్చు, సీజన్ అయ్యుండొచ్చు. అంటే డిమాండ్ కర్వ్ మొత్తం కుడివైపుకి జరిగింది, ధర పెరగకపోతే ఇంకా ఎక్కువ అమ్ముడుపోయేది. కర్వ్ మీద జరగడం వేరు, కర్వే జరగడం వేరు. ఈ తేడా పేపర్ మీద రెండు గీతలు గీసి చూపించగలిగితే సగం పని ఐపోయినట్టే, పేపర్ ఇవ్వమని అడగడానికి మొహమాటపడకు.

సప్లై వైపు ఒక ఉదాహరణ కావాలంటే 1975లో బ్రెజిల్‌లో పడ్డ మంచు దెబ్బ చెప్పు. కాఫీ చెట్లు కోట్లలో మాడిపోయాయి, కొత్తగా నాటిన చెట్టు కాపుకి రావడానికి ఏళ్లు పడుతుంది, అందుకే ధరలు 1977 దాకా ఎక్కుతూనే పోయాయి. సప్లై వెంటనే ఎందుకు సర్దుకోదు అనే ప్రశ్నకి ఇంతకంటే సులువైన జవాబు నాకు దొరకలేదు. దీనికి తిరగేసిన కథ 2020 ఏప్రిల్ 20, అమెరికా ముడిచమురు మే నెల ఫ్యూచర్స్ (ఫలానా నెలలో సరుకు తీసుకుంటామని ముందే చేసుకునే కాంట్రాక్టులు) మైనస్ 37.63 డాలర్ల దగ్గర ముగిసింది. ధర మైనస్‌లోకి ఎలా వెళ్తుంది అంటే, ఆ కాంట్రాక్ట్ మర్నాడే ముగుస్తుంది, చేతిలో ఉంచుకున్నవాడు నిజంగా చమురు తీసుకోవాలి, లాక్‌డౌన్ల వల్ల వాడకం లేక నిల్వ చెయ్యడానికి ఖాళీ ట్యాంకులు దొరకట్లేదు, కాబట్టి డబ్బిచ్చి మరీ వదిలించుకున్నారు.

ఎలాస్టిసిటీ, అంటే ధర ఒక శాతం మారితే అమ్మకాలు ఎంత శాతం మారతాయనేది, దాని దగ్గర కాస్త ఎక్కువసేపు కూర్చో తమ్ముడూ, నీకొచ్చిన ఆఫర్ ధరల డేటా మీద కదా, ఎక్కడికి వెళ్లినా దీన్ని అడుగుతారు. లెక్క నేను వేస్తాను, నువ్వు పెన్ను పట్టుకో. ధర 100, అమ్మకాలు 1000. ధర 10 శాతం పెంచారు. ఎలాస్టిసిటీ మైనస్ 0.5 ఐతే అమ్మకాలు 5 శాతం తగ్గి 950, రాబడి 110 ఇంటూ 950, అంటే 1,04,500, పెరిగింది. మైనస్ 2 ఐతే అమ్మకాలు 20 శాతం తగ్గి 800, రాబడి 88,000, తగ్గింది. ఇక్కడిదాకా అందరూ వస్తారు, వచ్చి "కాబట్టి ధర పెంచకూడదు" అని ముగించేస్తారు. అప్పుడు అవతలాయన అడుగుతాడు, "రాబడి తగ్గితే లాభం కూడా తగ్గినట్టేనా?"

ఒక్కో యూనిట్ తయారీకి 60 ఖర్చు అనుకుందాం. ముందు యూనిట్‌కి 40 మిగులు, 1000 యూనిట్లకి 40,000. ఇప్పుడు యూనిట్‌కి 50 మిగులు, 800 యూనిట్లకి 40,000. రాబడి 12,000 తగ్గింది, లాభం ఒక్క పైసా తగ్గలేదు! ఖర్చు 60 కాకుండా 70 ఉంటే ముందు 30,000, తర్వాత 32,000, అంటే డిమాండ్ అంత గట్టిగా పడిపోయినా ధర పెంచడమే మంచిది. ఫిక్స్‌డ్ కాస్ట్ (అద్దె లాంటి, ఎన్ని అమ్మినా మారని ఖర్చు) రెండు వైపులా అంతే ఉంటుంది కాబట్టి పోలికలో దాన్ని పక్కన పెట్టొచ్చు. నాకు ఈ లెక్క మొదటిసారి తట్టినప్పుడు చాలా ఆనందమేసింది, ఎందుకంటే అప్పటిదాకా మార్జిన్, ఎలాస్టిసిటీ రెండూ వేర్వేరు సబ్జెక్టులు అనుకునేదాన్ని. దీన్ని నువ్వు సొంతంగా నాలుగు రకాల నంబర్లతో వేసి చూడు, ధర తగ్గించే వైపు కూడా వెయ్యి, ఇంటర్వ్యూలో నోట్లో తిరగాలి. లెక్క అయ్యాక చివర ఒక మాట కలుపు: ఇదంతా పోటీవాళ్లు తమ ధర మార్చకపోతే. వాళ్లు కూడా పెంచితే మన అమ్మకాలు అంత పడవు, పెంచకుండా మన కస్టమర్లని లాక్కుంటే ఇంకా ఎక్కువ పడతాయి, పైగా ఇవాళ తిట్టుకుంటూ కొనేవాడు ఆరు నెలల్లో వేరే దారి వెతుక్కుంటాడు కాబట్టి కాలం గడిచేకొద్దీ ఎలాస్టిసిటీ సాధారణంగా పెరుగుతుంది.

ఖర్చుల్లో రెండే చూసుకో, సంక్ కాస్ట్ (ఇక వెనక్కి రాని ఖర్చు), ఆపర్చునిటీ కాస్ట్ (ఒకటి ఎంచుకోవడం వల్ల వదులుకున్నది). మొదటిదానికి కాంకార్డ్ విమానం ఉదాహరణ అందరికీ తెలుసు, లాభం రాదని తేలాక కూడా ఇంత పెట్టాం కదా అని బ్రిటన్, ఫ్రాన్స్ ప్రభుత్వాలు పెడుతూ పోయాయి, ఆ పొరపాటుకే కాంకార్డ్ ఫాలసీ అని పేరొచ్చింది. రెండోదాన్ని నీ మీదే అడుగుతారు, "నీ ఎంబీఏ ఖర్చెంత?" అని. ఫీజు, పుస్తకాలు, దాంతోపాటు రెండేళ్లు వదులుకున్న జీతం. తిండి ఖర్చు మాత్రం ఉద్యోగం చేసినా ఉండేదే కదా, దాన్ని కలపకూడదు, ఎక్కువైనంత మేరకే కలపాలి. అది చెప్పలేక చాలామంది జారిపోతారు.

మాక్రోలో మూడు ఉచ్చులున్నాయి, అవి తెలుసుకుంటే మిగతాది నడుస్తుంది. ఒకటి, జీడీపీ ఫార్ములాలో దిగుమతుల్ని తీసేస్తాం కాబట్టి దిగుమతులు పెరిగితే జీడీపీ తగ్గుతుంది అనేయడం. విదేశీ ఫోన్ కొంటే అది ముందు వినియోగంలో ప్లస్ అయింది, దేశంలో తయారు కాలేదు కాబట్టి దిగుమతుల్లో మైనస్ చేసి సరిచేస్తున్నాం, మొత్తం మీద సున్నా. రెండోది, ఇన్‌ఫ్లేషన్ తగ్గింది అంటే ధరలు తగ్గాయి అనుకోవడం. 100 ఉన్న వస్తువు 10 శాతం పెరిగి 110 అయింది, మరుసటేడు ఇన్‌ఫ్లేషన్ 3 శాతానికి "తగ్గింది", వస్తువు 113.30 అయింది. అమెరికాలో ఇన్‌ఫ్లేషన్ 2022 జూన్‌లో 9.1 శాతానికి చేరి ఆ తర్వాత దిగొచ్చింది, జనం మాత్రం ఇంకా అన్నీ ఖరీదే అని అంటూనే ఉన్నారు, లెక్కలు చెప్పిందీ, జనం చెప్పిందీ రెండూ నిజమే. ఇన్‌ఫ్లేషన్ తగ్గినా వినియోగదారులు ఎందుకు సంతోషంగా లేరు అని అడిగితే ఇక్కడ్నించే మొదలుపెట్టు, జీతాలు అంత పెరిగాయా లేదా అని రెండో అడుగు వెయ్యి.

మూడోది, ధరలు ఏ కారణంగా పెరిగినా ఒకటే మందు అనుకోవడం. డిమాండ్ ఎక్కువై ధరలు పెరిగితే వడ్డీ పెంచి చల్లబరచొచ్చు. కానీ 1973 చివర్లో లాగా చమురు సప్లై ఆగి ధర బ్యారెల్ దాదాపు 3 డాలర్ల నుంచి కొన్ని నెలల్లోనే 12 దగ్గరికి వెళ్తే ధరలూ పెరుగుతాయి, ఉత్పత్తీ పడుతుంది, స్టాగ్‌ఫ్లేషన్ అనేది అదే. వడ్డీ పెంచితే ఉన్న నిరుద్యోగం ఇంకా పెరుగుతుంది, పెంచకపోతే ధరలు పెరుగుతూనే ఉంటాయని జనం అలవాటుపడిపోతారు. ఆ అలవాటు వదిలించడానికి పాల్ వోల్కర్ ఫెడ్ ఛైర్మన్‌గా ఉన్నప్పుడు 1981లో రేటు 20 శాతం దాకా కూడా వెళ్లింది, ఇన్‌ఫ్లేషన్ దిగింది, కానీ 1982 చివరికి నిరుద్యోగం 10.8 శాతం. సెంట్రల్ బ్యాంక్ ఏం చెయ్యాలి అని నిన్ను అడిగితే ఒక వైపు తేల్చి చెప్పు, చెప్పేముందు ఆ నిర్ణయానికి ఎవరు ఎంత మూల్యం కడతారో కూడా చెప్పు. ఉద్యోగం పోయినవాళ్లు ఆ లెక్కలో ఒక శాతంగా కనిపిస్తారు, నువ్వు మేనేజర్ అయ్యాక కూడా అది మర్చిపోకూడదని నాకుంది.

నంబర్లు కొన్ని నోటికి రావాలి. మీ దేశం తాజా జీడీపీ వృద్ధి, ఇన్‌ఫ్లేషన్, పాలసీ రేటు (సెంట్రల్ బ్యాంక్ పెట్టే వడ్డీ), నిరుద్యోగం, డాలర్‌తో మారకం రేటు, ఏ నెలదో దాంతో సహా, ఏడాది కింద ఎంతుందో కూడా. చాలా సెంట్రల్ బ్యాంకులు ఇన్‌ఫ్లేషన్‌కి ఒక టార్గెట్ పెట్టుకుంటాయి, 1990లో న్యూజిలాండ్ మొదలుపెట్టింది ఈ పద్ధతి, మీ సెంట్రల్ బ్యాంక్ టార్గెట్ ఎంతో చూసుకో. ఇంటర్వ్యూకి ముందురోజు ఇవన్నీ మళ్లీ చెక్ చెయ్యి, పాత నంబర్ చెప్తే పేపర్ చదవట్లేదని వెంటనే తెలిసిపోతుంది. ట్రేడ్ గురించి కంపారిటివ్ అడ్వాంటేజ్ ఒక్కటి చాలు, 1817లో రికార్డో చెప్పిన పోర్చుగల్, ఇంగ్లండ్ ఉదాహరణ వేసుకో. వైన్, బట్ట రెండూ పోర్చుగల్‌లోనే తక్కువ శ్రమతో తయారవుతాయి, ఐనా వైన్‌లో తేడా ఎక్కువ కాబట్టి వైన్ చేసుకుని బట్ట కొనుక్కోవడమే లాభం. చాలామంది దీన్ని "ఎవరు బాగా చేస్తే వాళ్లు చెయ్యాలి" అని చెప్తారు, అది తప్పు.

ఇప్పుడు ఆఫర్ సంగతి. ఇందులో కూడా ఎకనామిక్సే ఉంది, వినడానికి వింతగా ఉన్నా నిజం. 1970లో జార్జ్ ఎకర్లోఫ్ పాత కార్ల మార్కెట్ మీద ఒక పేపర్ రాశాడు, అమ్మేవాడికి కారు సంగతి తెలుసు, కొనేవాడికి తెలీదు, అందుకని మంచి కారుకి కూడా మంచి ధర రాదు అని. మూడు జర్నల్స్ తిప్పి పంపాక అది అచ్చయింది, 2001లో ఆయనకి నోబెల్ వచ్చింది. నీ సీవీ చదివే మనిషి ఆ కొనేవాడి స్థానంలోనే ఉన్నాడు. "కష్టపడతాను, త్వరగా నేర్చుకుంటాను" అని వంద సీవీల్లో ఉంటుంది, రాయడానికి ఎవరికీ ఏమీ ఖర్చు కాదు కాబట్టి దానికి విలువ లేదు. ఎకర్లోఫ్‌తో పాటే నోబెల్ అందుకున్న మైకేల్ స్పెన్స్ 1973లో చెప్పింది ఇదే, సత్తా నిజంగా ఉన్నవాడికి తేలిక, లేనివాడికి కష్టం అయ్యే సంకేతమే నమ్మదగ్గది. కంపెనీ పేరు ఒక సంకేతం, కాదనను. "ఇన్ని నెలల సేల్స్ డేటా తీసుకుని ధర మార్చినప్పుడు అమ్మకాలు ఎంత మారాయో లెక్కగట్టాను, ఇదిగో ఎలా చేశానంటే" అనేది కూడా సంకేతమే, పది నిమిషాలు గుచ్చి గుచ్చి అడిగినా నిలబడుతుంది. పేరున్న చోట రెండు నెలలు ఎవరో చేసిన స్లైడ్లకి ఫాంట్ సరిచేసి వచ్చినవాళ్లు ఆ గుచ్చి అడిగే దగ్గర ఇబ్బంది పడడం నేను కళ్లారా చూశాను.

కాబట్టి ఒప్పుకునే ముందు వాళ్లకి ఫోన్ చేసి కనుక్కో. రోజూ ఎవరితో పని చేస్తావు, ఆ మనిషికి నీ కోసం టైమ్ ఉందా, డేటా ఇప్పటికే ఉందా లేక నువ్వే రెండు నెలలూ పోగెయ్యాలా, చివరి వారానికి నీ చేతిలో చూపించుకోవడానికి ఏం ఉంటుంది, దాన్ని తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పుకోవచ్చా. స్టైపెండ్ ఎంతో కూడా అడుగు, మొహమాటం వద్దు. దీనికి సరైన జవాబులొస్తే నేనైతే తీసుకుంటాను. జవాబులు నీళ్లు నమిలినట్టుంటే వద్దు. పేరున్న కంపెనీలు ఇంకో మూడు వారాల్లో వస్తాయి కాబట్టి గడువు ఇంకో రెండు మూడు వారాలు పొడిగించమని మర్యాదగా ఒక మెయిల్ పెట్టు, ఎందుకో నిజం చెప్పు, కొందరు ఒప్పుకుంటారు. కానీ ఒప్పుకుని సంతకం చేసి తర్వాత ఇంకోటి వచ్చిందని వదిలెయ్యకు, ఆ చిన్న కంపెనీ నీ కోసం వేరేవాళ్లని వద్దనేసి ఉంటుంది, నీ తర్వాత నీ కాలేజీ నుంచి వచ్చే జూనియర్‌కి ఆ తలుపు మూసుకుపోతుంది. ఇంకొకటి, ఇంటర్న్‌షిప్ ఇప్పిస్తాం, డబ్బు కట్టు అనేవాళ్ల దగ్గరికి అస్సలు వెళ్లకు, నీ ఫ్రెండ్స్‌కి కూడా చెప్పు.

ప్రాక్టీస్ ఎలాగంటే, రోజూ ఒక వార్త తీసుకో, ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చెయ్యి, రెండు నిమిషాలు నోటితో చెప్పు. చమురు ధర పెరిగింది, ఐతే ఏంటి, విమాన కంపెనీల ఖర్చు పెరిగింది, ఐతే ఏంటి, టికెట్ ధర పెంచుతాయి, అందరూ పెంచగలరా, ముందే ధర కుదుర్చుకున్నవాళ్లు ఎవరు, ఇలాగ. మనసులో అనుకుంటే అన్నీ వచ్చినట్టే ఉంటుంది, పైకి చెప్తేనే ఎక్కడ ఆగుతున్నావో తెలుస్తుంది. ఇంజనీరింగ్ నుంచి వచ్చానని భయపడకు, సర్క్యూట్‌లో ఒక చోట వోల్టేజ్ మారితే ఇంకో చోట ఏమవుతుందో చూసిన బుర్రే కదా, ఇక్కడ తేడా ఏంటంటే మధ్యలో ఉన్నది మనుషులు, రేపు ధర పెరుగుతుందని అనుకుంటే ఇవాళే ప్రవర్తన మార్చేస్తారు. ఇంటర్వ్యూలో నిజంగా తెలియనిది వస్తే "ఇది నేను చదవలేదు, ఐతే ఇలా ఆలోచిస్తాను" అని మొదలుపెట్టి నీ ఊహలు పైకి చెప్పు. తెలీదు అన్నందుకు నేను ఎవరికీ మార్కులు కొయ్యలేదు, తెలిసినట్టు నటిస్తే కోశాను.

ఒక పని చెయ్యి. ఆ వడ్డీ రేటు ప్రశ్నకే ఈసారి నీకు ఆఫర్ ఇచ్చిన ఆ చిన్న కంపెనీని పెట్టి జవాబు చెప్పు, వాళ్లకి అప్పు ఉందో లేదో, వాళ్ల కస్టమర్లు అప్పు మీద కొనేవాళ్లో కాదో ఫోన్ చేసినప్పుడే మాటల్లో తెలుసుకో. రికార్డ్ చేసి ఆ సీనియర్‌కే మళ్లీ వినిపించు, ఆయన ఇంకో "ఐతే ఏంటి" అడుగుతాడు, అడగనీ. ఎక్కడ ఆగావో నాకు రాయి.